మనం పొగిడే దుంప, మనం తినే దుంప

కోస్తాలో చిలగడదుంప అంటారు. రాయలసీమలో గెనుసుగడ్డ, తెలంగాణలో కందగడ్డ, కొన్నిచోట్ల రత్నపురిగడ్డ, మోరంగడ్డ. కోస్తావాళ్లకు కంద అంటే పులుసులోనూ వేపుడులోనూ వేసుకునే మరో దుంప కాబట్టి, శివరాత్రికి కందగడ్డలు ఉడకబెట్టామని తెలంగాణ చుట్టం చెబితే ఒక్క క్షణం తికమకపడతారు. ఆ తికమక ఒక్క మాటతో తీరిపోతుంది. ఈ దుంప పోషక విలువల గురించి మన మాటల్లో ఉన్న తికమక మాత్రం అంత తేలిగ్గా తీరేది కాదు. ఆరోగ్యం శీర్షికల్లో, వంటల వీడియోల్లో, డాక్టర్ల సలహాల్లో చిలగడదుంప అనగానే వరసగా వినిపించే మాటలు మనకు కంఠతా వచ్చు: కంటికి మంచిది, విటమిన్ ఎ గని, షుగర్ ఉన్నవాళ్లూ తినొచ్చు, పీచు ఎక్కువ, క్యాన్సర్ రాకుండా కాపాడుతుంది. వీటిలో కొన్ని గట్టి నిజాలు, కొన్ని సగం నిజాలు, ఒకటి రెండు ఇంకా తేలనివి. ఆ గట్టి నిజాల్లోనూ అన్నిటికన్నా పెద్దది మన సంతలో మనం కొనే దుంపకు చాలావరకు వర్తించదు. పరిశోధకులు పరీక్షించి పొగిడిన దుంప ఒకటి, మన కుండలో ఉడుకుతున్న దుంప ఇంకొకటి. రెండిటికీ పేరు ఒకటే కావడంతో ఒకదానికి దక్కిన కీర్తిని రెండోదానికి అంటగడుతున్నాం. చిలగడదుంప మంచిదా అని అడిగితే నేరుగా జవాబు చెప్పలేం. లోపల ఏ రంగులో ఉంది, ఎలా వండారు, పక్కన ఏం పెట్టుకుని, దేనికి బదులుగా తింటున్నారు అన్నవి తెలిస్తేనే జవాబు మొదలవుతుంది.

ముందుగా రంగు సంగతి. తోలు రంగు చూసి మోసపోకూడదు. మన బజార్లలో ఎర్రటి, గులాబీ రంగు తోలున్న దుంపలు కనిపిస్తాయి, తెల్లతోలువీ ఉంటాయి. గోటితో తోలు గీరి చూస్తే లోపల ఎక్కువగా తెలుపో, మీగడ రంగో, మహా అయితే లేత పసుపో ఉంటుంది. విటమిన్ ఎ గని అని పేరు తెచ్చుకున్న దుంప లోపల క్యారెట్ రంగులో, కొన్ని రకాల్లో బాగా పండిన బొప్పాయి రంగులో ఉంటుంది. ఆ రంగు అలంకారానికి వచ్చింది కాదు, అది బీటా కెరోటిన్ రంగే. మన ఒంట్లో విటమిన్ ఎ గా మారేది ఆ పదార్థమే. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం నారింజ రంగు పచ్చిదుంప 100 గ్రాముల్లో దాదాపు 8.5 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది. ఆహారంలోని 12 భాగాల బీటా కెరోటిన్‌కు ఒంట్లో ఒక భాగం విటమిన్ ఎ తయారవుతుందని లెక్క వేస్తారు కాబట్టి అది సుమారు 700 మైక్రోగ్రాములతో సమానం. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 510 మైక్రోగ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు. అంటే ఈ దుంప వంద గ్రాములు తింటే పిల్లవాడికి ఆ రోజుకు సరిపోయి ఇంకా మిగులుతుంది. అదే తూకం తెల్లదుంప పెడితే విటమిన్ ఎ లెక్కలో వచ్చేది దాదాపు సున్నా. లేత పసుపు దుంపల్లో కొంత ఉంటుంది గానీ, ఆ కొంతను పట్టుకుని గని అనలేం.

ఇదంతా పట్టిక లెక్కే కదా, పట్టికలో ఉన్నదంతా ఒంటికి పడుతుందా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్న. దానికి దక్షిణాఫ్రికాలో చేసిన ఒక పరీక్ష సూటిగా జవాబు చెప్పింది. 2005లో వెలువడిన ఆ అధ్యయనంలో అయిదు నుంచి పదేళ్ల బడిపిల్లలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు 53 బడి రోజుల పాటు రోజుకు 125 గ్రాముల నారింజ చిలగడదుంపను ఉడకబెట్టి, మెత్తగా చిదిమి పెట్టారు. రెండో జట్టుకు అంతే తూకం తెల్ల చిలగడదుంపను అలాగే పెట్టారు. దుంప అదే, వంట అదే, తూకం అదే, తేడా రంగు ఒక్కటే. మొదట్లోనూ చివర్లోనూ పిల్లల కాలేయంలో విటమిన్ ఎ నిల్వ ఎలా ఉందో రక్తపరీక్షతో అంచనా వేశారు. నారింజ దుంప తిన్న జట్టులో నిల్వ సవ్యంగా ఉన్న పిల్లలు నూటికి 78 మంది నుంచి 87 మందికి పెరిగారు. తెల్లదుంప తిన్న జట్టులో 86 మంది నుంచి 82కి తగ్గారు. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నదంతా ఆ రెండు జట్ల మధ్య తేడాలో ఉంది. తెల్లదుంప తిన్న పిల్లలకు కడుపు నిండింది, శక్తి వచ్చింది, పీచు దక్కింది. కంటికి దక్కాల్సింది మాత్రం దక్కలేదు. పైగా ఇది మాత్రలు మింగించిన పరీక్ష కాదు, దుంపను ఉడికించి పెట్టిన పరీక్ష. ఉడికిస్తే బీటా కెరోటిన్ పోతుందన్న భయానికీ ఇక్కడే జవాబు దొరికింది. నీళ్లలో, మూతపెట్టి, తోలుతో ఉడికిస్తే ఎక్కువ భాగం నిలిచే ఉంటుంది. దుంపను చెక్కులుగా తరిగి ఎండలో ఆరబోసినప్పుడు, పిండి పట్టించి నెలల తరబడి డబ్బాలో ఉంచినప్పుడు బాగా తగ్గుతుంది.

బడిలో వండిపెడితే పనిచేసిన దుంప ఊళ్లో రైతులు పండించుకుని ఇంట్లో తింటే పనిచేస్తుందా అన్నది ఇంకా కష్టమైన పరీక్ష. మొజాంబిక్‌లోని జాంబెజియా ప్రాంతంలో ఆ పరీక్ష రెండేళ్ల పాటు జరిగింది. అక్కడి జనం తరతరాలుగా తెల్ల చిలగడదుంపే తినేవారు. వాళ్లకు నారింజ రకం తీగలు పంచారు, పసిపిల్లలకు ఏం పెట్టాలో తల్లులకు చెప్పారు, మిగిలిన దుంపలు అమ్ముకోవడానికి బజారు దారి చూపారు. 2007లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆ ఊళ్ల చిన్నపిల్లల్లో రక్తంలో విటమిన్ ఎ తక్కువగా ఉన్నవాళ్లు 60 శాతం నుంచి 38 శాతానికి తగ్గారు. తీగలు పంచని ఊళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఈ కృషికి, ఉగాండాలో జరిగిన ఇలాంటి కృషికి గుర్తింపుగా 2016లో మరియా ఆండ్రేడ్, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో, హోవర్త్ బూయిస్ అనే నలుగురికి ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. ఒక దుంప రంగు మార్చినందుకు అంత పెద్ద బహుమతా అనిపించవచ్చు. విటమిన్ ఎ లోపిస్తే ముందు రేచీకటి వస్తుంది, తర్వాత కంటి తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు పడతాయి, ముదిరితే నల్లగుడ్డు మెత్తబడి చూపే పోతుంది. అంతకన్నా ముందే తట్టు, విరేచనాలు వస్తే తట్టుకునే శక్తి పిల్లవాడికి తగ్గిపోతుంది. ఆ సంగతి తలచుకుంటే బహుమతి పెద్దదనిపించదు.

మన దగ్గర ఆ లోపం ఇంకా ఉందా అన్నది అభ్యంతరాల్లో బరువైనది. ఈ కథలో మనది ప్రేక్షకుల పాత్ర కాదు. ఏడాదికోసారి పెద్ద మోతాదులో విటమిన్ ఎ చుక్కలు వేస్తే పిల్లల్లో రేచీకటి, కంటి మచ్చలు తగ్గుతాయని తేల్చిన తొలి పరిశోధనల్లో హైదరాబాద్ పోషకాహార సంస్థ పని ముఖ్యమైనది. దాని ఆధారంగానే 1970లో దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది. ఈనాటికీ తొమ్మిదో నెల నుంచి అయిదేళ్ల దాకా తొమ్మిది విడతలుగా ఆ తియ్యటి పసుపు ద్రవం పిల్లల నోట్లో పోస్తున్నారు. అప్పటితో పోలిస్తే కంటి జబ్బు చాలా తగ్గింది. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషణ సర్వేలో అయిదేళ్ల లోపు పిల్లల్లో 18 శాతం మందికి, అయిదు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లలో 22 శాతం మందికి విటమిన్ ఎ లోపం ఉందని తేలింది. ఈ లెక్కలను మళ్లీ చూసిన కొందరు పరిశోధకులు చుక్కల మందు అందరికీ ఇంకా అవసరమా, నూనెల్లో పాలల్లో విటమిన్ ఎ కలుపుతున్నప్పుడు కొందరికి ఎక్కువైపోదా అని ప్రశ్నించారు. ఆ ప్రశ్న సబబే. దాన్ని చూపించి దుంప ఎందుకు అనేవాళ్లు మాత్రం ఒక తేడా మరచిపోతున్నారు. చుక్కల్లో ఉండేది తయారైన విటమిన్, మోతాదు మించితే కాలేయంలో పేరుకుని చేటు చేస్తుంది. దుంపలో ఉండేది దాని ముడిసరుకు. ఒంట్లో నిల్వ తక్కువగా ఉంటే ఎక్కువ మారుతుంది, చాలినంత ఉంటే మారడం తగ్గుతుంది. మరీ ఎక్కువ తింటే అరిచేతులు పచ్చబడతాయి, మానేస్తే ఆ పచ్చదనం పోతుంది. చుక్కల అవసరం తగ్గుతున్న రోజుల్లోనే కూడులోంచి వచ్చే విటమిన్ విలువ పెరుగుతుంది. అయిదేళ్లు నిండగానే చుక్కలు ఆగిపోతాయి. ఆ వయసు దాటిన పిల్లల్లోనే లోపం ఇంకాస్త ఎక్కువగా కనిపించిందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

తోటకూర, మునగాకు, పాలకూర ఉండగా ఎక్కడిదో దుంప మనకెందుకు అనే మాట కూడా తరచుగా వస్తుంది. ఆకుకూరల మీద నాకు గౌరవం తక్కువేమీ లేదు. మునగాకు, తోటకూర బీటా కెరోటిన్‌లో గట్టివే, పైగా ఇనుమూ సున్నమూ ఇస్తాయి. కానీ ఆకులో బీటా కెరోటిన్ పచ్చటి కణాల పొరల మధ్య చిక్కుకుని ఉంటుంది, దాన్ని మన పేగు విడదీసుకోవడం కష్టం. 1995లో ఇండోనేషియా నుంచి వచ్చిన ఒక అధ్యయనం ఈ విషయంలో చాలామంది నమ్మకాన్ని కుదిపేసింది. పాలిచ్చే తల్లులకు రోజూ వండిన ఆకుకూరలు పెట్టినా వాళ్ల విటమిన్ ఎ స్థితి మెరుగుపడలేదు. అంతే బీటా కెరోటిన్‌ను శుద్ధి చేసి బిస్కెట్లలాంటి తినుబండారంలో కలిపి పెడితే మెరుగుపడింది. నారింజ దుంపలోను, మామిడి, బొప్పాయిల్లోను అది నూనె బొట్ల రూపంలోనో స్ఫటికాల రూపంలోనో ఉంటుంది కాబట్టి కాస్త తేలిగ్గా బయటపడుతుంది. ఇంకో సంగతి, తల్లులందరికీ తెలిసిందే. మూడేళ్ల పిల్లచేత దోసెడు తోటకూర తినిపించడం ఒక యుద్ధం. మెత్తగా ఉడికిన తియ్యటి దుంప ముక్కకు ఆ పిల్లే చెయ్యి చాస్తుంది. దేనితో తిన్నా ఆ ముద్దలో కాస్త నూనో నెయ్యో ఉండాలి. బీటా కెరోటిన్ కొవ్వులోనే కరుగుతుంది, కొవ్వు లేకపోతే వచ్చిన దారినే పోతుంది. ఒక చెంచా చాలు. దుంప ముద్ద మీద నెయ్యి వేసి పెట్టే ఇంట్లో తెలియకుండానే ఈ పని జరిగిపోతుంది.

మరి తెల్లదుంపను పక్కన పడేయాలా? పడేయకూడదు. విటమిన్ ఎ లేదన్నంత మాత్రాన అందులో ఏమీ లేదనడం ఇంకో రకం తప్పు. ఉడికిన చిలగడదుంప 100 గ్రాముల్లో సుమారు 76 క్యాలరీలు, రెండున్నర గ్రాముల పీచు, 230 మిల్లీగ్రాముల పొటాషియం, పన్నెండు పదమూడు మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటాయి. దుంప రంగు మారితే ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ తలకిందులు కావు. అదే తూకం తెల్ల అన్నంలో 130 క్యాలరీలు, అర గ్రాము కూడా లేని పీచు, 35 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటాయి, విటమిన్ సి ఉండదు. మన కంచంలో పెద్ద ముద్ద పాలిష్ బియ్యపు అన్నమే. ఉప్పు, పచ్చళ్లు ఎక్కువై పొటాషియం తక్కువైన ఈ తిండిలో అన్నం వాటా తగ్గించి ఆ చోటును దుంపతో నింపితే పీచు, పొటాషియం రెండూ పెరుగుతాయి. రక్తపోటు అదుపులో ఉండడానికి పొటాషియం తోడ్పడుతుంది. ఇక్కడ నొక్కి చెప్పాల్సింది 'బదులు' అన్న మాట. నిండుగా అన్నం తిని, దాని మీద రెండు దుంపలు లాగిస్తే దుంప వల్ల అదనంగా వచ్చేది పిండిపదార్థమే. దప్పళంలో నాలుగు ముక్కలు వేసుకుని, ఆ దప్పళం రుచికి అన్నం మారు వడ్డించుకుంటే జరిగేదీ అదే.

షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా అన్న ప్రశ్న తెలుగు ఇళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా వినిపిస్తుంది. దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో తేల్చింది కాబట్టి ఆ ప్రశ్న రావడం సహజం. తీపిగా ఉంటుంది గనుక వద్దని కొందరు, రక్తంలో చక్కెర పెరిగే తీరును కొలిచే గ్లైసీమిక్ సూచిక తక్కువ గనుక ఎంతైనా తినమని కొందరు అంటారు. ఇద్దరూ పొయ్యి వైపు చూడటం లేదు. జమైకాలో పది రకాల చిలగడదుంపలను రకరకాలుగా వండి పరీక్షించి 2011లో ప్రకటించిన ఫలితాలు చూడండి. ఉడకబెట్టినప్పుడు సూచిక 41 నుంచి 50 మధ్య ఉంది. 55 లోపుంటే తక్కువ అని లెక్క. అవే దుంపలను కాల్చినప్పుడు 79 నుంచి 94 దాకా వెళ్లింది. 70 దాటితే ఎక్కువ. రకం మారినా ఇంత తేడా రాలేదు, వంట మారితే వచ్చింది. కారణం కంటికి కనిపించేదే. కుమ్ములో కాల్చిన దుంపను బూడిద దులిపి చూస్తే రెండు కొసల్లోంచి తేనెలాంటి జిగురు కారి, తోలు మీద నల్లగా గడ్డకట్టి ఉంటుంది. పచ్చిదుంపలో ఆ తీపి లేదు. దుంపలో ఉండే ఒక ఎంజైము 60 నుంచి 75 డిగ్రీల వేడి మధ్య చురుగ్గా పనిచేసి పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. కుమ్ములో దుంప మెల్లగా వేడెక్కుతుంది కాబట్టి ఆ మధ్యవేడిలో చాలాసేపు ఉంటుంది, ఎంజైముకు తీరిక దొరుకుతుంది. పైగా తడి ఆవిరై తీపి చిక్కబడుతుంది. మరిగే నీళ్లలో వేస్తే ఆ వేడిని త్వరగా దాటిపోతుంది. కాబట్టి షుగర్ ఉన్న మనిషికి ఉడికిన దుంప వేరు, కాల్చిన దుంప వేరు, బెల్లం పాకంలో వేసిన దుంప, బొబ్బట్లలో పూర్ణమైన దుంప మరీ వేరు. ఉడికినదైనా ఓ వంద, నూటయాభై గ్రాములు, పూటలో అన్నం తగ్గించుకుని, పప్పో పెరుగో తోడుగా తింటే భయపడాల్సిన పని లేదు. తిన్న రెండు గంటలకు వేలి చుక్కతో చూసుకుంటే ఆ మనిషి ఒంటికి సంబంధించిన జవాబు అక్కడే దొరుకుతుంది.

అయితే దుంప షుగర్‌ను తగ్గిస్తుంది అనేవాళ్ల మాట ఒప్పుకోలేం. ఆ ప్రచారానికి మూలం తెల్లతోలు చిలగడదుంప రకం నుంచి తీసిన ఒక సారంతో చేసిన చిన్న ప్రయోగాలు. వాటన్నిటినీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2013లో మొత్తం మూడే ప్రయోగాలని, వాటిలో 140 మంది మాత్రమే ఉన్నారని, మందుగా సిఫారసు చేయడానికి ఆధారం చాలదని తేల్చింది. అవి కూడా మాత్రలతో చేసినవి, దుంపతో కాదు. ఊదారంగు దుంపల్లోని ఆంథోసయనిన్లు క్యాన్సర్‌ను ఆపుతాయన్న మాటా అంతే. గాజు పాత్రలోని కణాల మీద, ఎలుకల మీద కనిపించింది మనుషుల్లో రుజువు కాలేదు. నేరేడు, నల్లద్రాక్షల్లో ఉన్న రంగే అది. మంచి రంగు, మంచి తిండి, అంతవరకే.

ఇంత మంచి దుంప అయితే దీన్నే ప్రధాన ఆహారం చేసుకోవచ్చు కదా అనుకునేవాళ్లు జపాన్‌లోని ఒకినావా దీవుల పేరు చెబుతారు. అక్కడ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1949 నాటి సర్వేలో జనం రోజుకు దాదాపు 850 గ్రాముల చిలగడదుంప తినేవారని, వాళ్ల క్యాలరీల్లో మూడింట రెండు వంతులు దుంపవేనని తేలింది. ఆ తరం మనుషుల దీర్ఘాయువు లోకప్రసిద్ధం. కానీ వాళ్లు సోయా కూడా తినేవారు, ఆకులు, సముద్రపు నాచు తినేవారు, పొలంలో ఒళ్లు వంచి పనిచేసేవారు, మొత్తం మీద తక్కువ తినేవారు. ఆయుష్షు దుంపది అని విడదీసి చెప్పలేం. దుంపనే నమ్ముకున్న మరో జాతి కథ ఇందుకు పూర్తిగా ఎదురు. పాపువా న్యూగినీ కొండజనానికీ చిలగడదుంపే కూడు. అక్కడ పందుల విందుల తర్వాత పిల్లలకు పేగులు కుళ్లే ఒక జబ్బు వచ్చేది, పిగ్‌బెల్ అనేవారు. మాంసంలో పెరిగిన ఒక బాక్టీరియా విషాన్ని మామూలుగా మన పేగులోని ట్రిప్సిన్ అనే ఎంజైము విరగ్గొట్టేస్తుంది. మాంసకృత్తులు లేని తిండి తినే పిల్లల్లో ఆ ఎంజైము తక్కువగా తయారవుతుంది. ఉన్న కాస్తనూ అడ్డుకునే పదార్థం చిలగడదుంపలోనే ఉంది. ఏడాదంతా దుంప, ఒక్కరోజు మాంసం. ఈ రెండూ కలిసి ప్రాణం తీసేవి. 1980 నుంచి టీకా వేశాక జబ్బు బాగా తగ్గింది. ఆ కథ విని దుంపంటే భయపడనక్కర్లేదు. పప్పు, పెరుగు, గుడ్డు తినే ఇంట్లో ఆ ప్రమాదం లేదు, ఉడికిస్తే ఆ అడ్డుపడే పదార్థం చాలావరకు పోతుంది. కానీ వంద గ్రాముల ఉడికిన దుంపలో మాంసకృత్తులు గ్రామున్నర కూడా ఉండవన్న నిజాన్ని ఇంతకన్నా కఠినంగా చెప్పే కథ ఇంకొకటి లేదు. కడుపు నిండిన పిల్ల వేరు, బాగా ఎదిగే పిల్ల వేరు. అంగన్‌వాడీలో నారింజ దుంప పెట్టాలని అడిగేవాళ్లు గుడ్డు తీసేసి పెట్టమని మాత్రం అడగకూడదు.

మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ల విషయంలో పొగడ్తలన్నీ పక్కన పెట్టాలి. పొటాషియం రక్తపోటుకు మేలు చేస్తుందన్న మాట మూత్రపిండాలు సరిగా పనిచేస్తున్నవాళ్లకే. అవి దెబ్బతిన్నవాళ్లలో పొటాషియం బయటికి పోక రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట, దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి ఎన్నో ఇళ్లలో ఉన్న చోట, 'చిలగడదుంప అందరికీ మంచిది' అన్న వాక్యం ప్రమాదకరం. అక్కడి రోగి డాక్టర్ చెప్పిన కొలతకు లోబడే తినాలి. తినదలిస్తే తోలు తీసి, సన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి తినాలి. అందరికీ తోలుతో ఉడికించమని చెప్పిన సలహా ఇక్కడ తిరగబడుతుంది. మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లూ కాస్త చూసుకోవాలి. ఇక ఎవరైనా సరే, కోసినప్పుడు లోపల సన్నటి గోధుమరంగు సొరంగాలు కనిపించి, ఘాటైన చేదువాసన వస్తే ఆ దుంప మొత్తం పారేయాల్సిందే. ముక్కుపురుగు తొలిచినప్పుడు, బూజు పట్టినప్పుడు దుంప తనను తాను కాపాడుకోవడానికి చేదు విషాలను తయారు చేసుకుంటుంది, ఉడికించినా అవి పోవు. పుచ్చిన మేరకు కోసేసి మిగతాది వండేద్దామనుకోవడం ఇక్కడ పొదుపు కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. నారింజ దుంప అంత మేలైతే మన సంతకు ఎందుకు రాలేదు? పరిశోధన లేక కాదు. తిరువనంతపురంలో 1963లో మొదలైన కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ ఈ పని దశాబ్దాలుగా చేస్తోంది. వాళ్ల భూసోన రకంలో 100 గ్రాములకు దాదాపు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది. వాడుకలో ఉన్న రకాల్లో రెండు మూడు మిల్లీగ్రాములేనని భారత వ్యవసాయ పరిశోధన మండలి పోల్చి చెబుతోంది. ఊదారంగు భూకృష్ణ కూడా వాళ్లదే. ఈ రెండూ 2017లో మన పొరుగున ఉన్న ఒడిశా రైతుల కోసం విడుదలయ్యాయి. అంటే శ్రీకాకుళానికీ, పాడేరు, అరకు మన్యానికీ అవి సముద్రాలు దాటి రావాల్సిన పని లేదు. అడ్డం ఇంకెక్కడో ఉంది. చిలగడదుంపను విత్తనంతో వేయరు, తీగ ముక్కలతో వేస్తారు. రైతు తన చేలోంచో పక్కవాడి చేలోంచో తీగ కోసుకొచ్చి బోదెల మీద నాటుతాడు. ఏటా అమ్ముకునే విత్తనం కాదు కాబట్టి కంపెనీలకు దీని మీద ఆసక్తి లేదు. తీగ రెండు మూడు రోజులకే వాడిపోతుంది కాబట్టి దుకాణంలో నిలవ ఉండదు. ఎవరో ఒకరు దగ్గర్లో తీగల మడి పెంచి అందిస్తే తప్ప కొత్త రకం ఊరు దాటదు. ఆఫ్రికాలో ప్రభుత్వాలు, స్వచ్ఛంద సంస్థలు ఆ మడులే పెంచాయి.

రెండో అడ్డం నాలుక. నారింజ రకాలు చాలావాటిలో తడి ఎక్కువ, పిండి తక్కువ, ఉడికితే మెత్తగా గుజ్జవుతాయి. మనకు అలవాటైన తెల్లదుంప ఉడికాక పొడిపొడిగా, నోట్లో పిండిలా విచ్చుకుంటుంది. ఆ రుచికి అలవాటైనవాళ్లు ఇదేం దుంప, గుమ్మడిపండులా ఉంది అంటారు. రుచి అడ్డుపడినప్పుడు ఉపన్యాసాలు పనిచేయవు. ఆఫ్రికాలోనూ ఇదే అడ్డం వచ్చింది. అక్కడి పరిశోధకులు జనానికి బుద్ధులు చెప్పకుండా దుంపనే మార్చారు. నారింజ రంగును పిండి ఎక్కువున్న స్థానిక రకాలతో సంకరం చేసి, కరువునూ తట్టుకునేలా పెంచారు. 2011లో మొజాంబిక్‌లో ఒక్కసారే అలాంటివి 15 రకాలు విడుదలయ్యాయి. మన మన్యానికి, మన మెట్టపొలాలకు, కందగడ్డ పొడిగా ఉండాలనే మన నాలుకకు తగిన నారింజ రకాన్ని ఇక్కడి వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలు ఎంచి ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. పంట చేతికి రావడానికి నాలుగు నెలలకు మించి పట్టదు. శివరాత్రి ముందు వారంలో తెలంగాణ బజార్లలో కందగడ్డలు గుట్టలుగా పోసి అమ్ముతారు. కొనేవాళ్లు తూకం వేయించుకునే ముందు ఒక దుంపను విరిచి, లోపల ఏ రంగుందో చూపించమని అడగడం మొదలుపెడితే, వచ్చే ఏడు ఏ తీగ నాటాలో రైతుకు ఆ ప్రశ్నే చెబుతుంది.